దసలి పట్టు చిలుక: తిరుపతి, చిత్తూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడ్డాక కొండ అంచున ఉన్న కాలనీల్లో, అలిపిరి వైపు దీపస్తంభాల కింద, పలమనేరు, తలకోన దారుల్లోని టీ దుకాణాల గోడల మీద అరచేతికి మించిన చిలుక (పక్షి కాదు, సీతాకోకచిలుకను పోలి రాత్రిపూట ఎగిరే కీటకం, ఇంగ్లీషులో మాత్) ఒకటి వాలితే ఫోటోలు, అనుమానాలు, భయాలు ఒకేసారి బయలుదేరుతాయి. అలా వచ్చే ప్రశ్నల్లో ఎక్కువగా వినిపించేవాటికి ఇక్కడ జవాబులు ఉన్నాయి. కొన్నింటికి ఒక మాట చాలు, కొన్నింటికి చాలదు.

రాత్రి మా వరండా గోడ మీద చాలా పెద్ద చిలుక వాలింది. రెక్కల మీద కళ్లు ఉన్నాయి. ఏమిటది?

మీరు చెప్పే గుర్తులను బట్టి అది దసలి (టసర్) పట్టు చిలుక కావచ్చు. నాలుగు రెక్కల మీదా ఒక్కొక్క గుండ్రటి కంటి మచ్చ ఉందేమో చూడండి. ఆ మచ్చ నడుమ రంగు ఉండదు, పొలుసులు లేని పలుచటి పొర ఉంటుంది. దాని గుండా వెనుక గోడ కనిపిస్తుంది. చుట్టూ పసుపు, ఎరుపు, నలుపు అంచులు వలయాలుగా తీరి ఉంటాయి. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 15 సెంటీమీటర్లు, పెద్ద ఆడ చిలుకలైతే అంతకన్నా ఎక్కువే. మగది ఇటుక ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, ముందు రెక్కల కొసలు కాస్త వంపు తిరిగి ఉంటాయి. ఆడది పసుపు లేదా బూడిద రంగు, ఒళ్లు బరువు, పొట్ట లావు. రెండూ పక్కపక్కన వాలితే వేర్వేరు జాతులని పొరబడేవాళ్లే ఎక్కువ.

శాస్త్రవేత్తలు దీన్ని సాటర్నిడే కుటుంబంలో చేర్చారు. పేరు విషయంలో మాత్రం రెండు దారులు ఉన్నాయి. లిన్నేయస్ 1758లో పెట్టిన పాఫియా అన్న పేరును కొందరు వాడతారు. పట్టు పరిశ్రమవాళ్లు డ్రూరీ 1773లో పెట్టిన మైలిట్టాను వదలరు. కాబట్టి ఆంథెరియా పాఫియా అని ఒకచోట, ఆంథెరియా మైలిట్టా అని మరోచోట చదివితే కంగారు పడనక్కరలేదు.

ఇది ప్రపంచంలోనే అతి పెద్దదైన అట్లాస్ చిలుక అని వార్తల్లో చూశాం. నిజమేనా?

చాలాసార్లు కాదు. పెద్ద చిలుక ఏది కనిపించినా అట్లాస్ అని రాసేయడం అలవాటైపోయింది. తేడా సులువు. అట్లాస్ రెక్కల మీద ఉండే పారదర్శకమైన కిటికీలు మూడు మూలలుగా ఉంటాయి, ముందు రెక్కల కొసలు పాము తల ఆకారంలోకి తిరుగుతాయి. దసలి చిలుకకు గుండ్రటి కిటికీలు. ఇక లేత ఆకుపచ్చ రంగులో, వెనుక రెక్కలకు పొడవాటి తోకలతో ఉంటే అది మూడో రకం, మూన్ మాత్. ఈ మూడూ ఒకే కుటుంబంలోవే. ఫోటో సరిగ్గా ఉంటే అర నిమిషంలో తేలిపోయే విషయం ఇది.

ఇది ఏయే ప్రాంతాల్లో ఉంటుంది?

భారత ద్వీపకల్పంలోని ఆకురాలు అడవులు దీని స్వస్థలం. జార్ఖండ్, బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఇంకా దక్షిణానికి, సముద్రం దాటితే శ్రీలంక దాకా. అన్నిచోట్లా ఒకే తీరుగా మాత్రం ఉండదు. వానపాతం, ఎత్తు, దొరికే ఆకు మారిన కొద్దీ పురుగు పట్టుతో కట్టుకునే గూటి పరిమాణం, రంగు, దారం బలం, ఏడాదికి ఎన్ని తరాలు అన్నది కూడా మారిపోతాయి. ఇలాంటి ప్రాంతీయ రకాలను మన దేశంలో 44 దాకా లెక్కించారు. డాబా, సుకిందా, రైలీ, మోడల్, లరియా వాటిలో పేరున్నవి. ఆంధ్రా లోకల్ అనే రకం కూడా ఉంది. అయితే దాని ఇల్లు ఇప్పటి తెలంగాణలోని ఉత్తరాది అడవులు, వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు.

మన వైపు దసలి పట్టు పరిశ్రమ లేదు. అందుకే ఇక్కడి చిలుకను గురించి రాసినవాళ్లు తక్కువ, చూసినవాళ్లు ఎక్కువ.

శేషాచలంలో, కౌండిన్య అడవిలో దీనికి సరిపడే చెట్లు ఉన్నాయా?

ఉన్నాయి, పుష్కలంగా. అసలు ఈ చిలుకను అర్థం చేసుకోవాలంటే గోడను వదిలి చెట్టు దగ్గరకు వెళ్లాలి. దాని జీవితంలో తిండి తినే రోజులన్నీ ఆకు మీదే గడుస్తాయి.

పురుగుకు, అంటే చిలుకగా మారకముందు ఉండే గొంగళికి, అన్నింటికన్నా ఇష్టం మద్ది. వాగుల ఒడ్డున పెరిగే తెల్లమద్ది, కొండవాలులో పెరిగే నల్లమద్ది రెండూ దానికి పనికొస్తాయి. ఉత్తరాదిన సాల వృక్షం కూడా ప్రధాన ఆహారమే, కానీ ఆ చెట్టు మన కొండల్లో లేదు. ఇక్కడ దొరికే ఇతర చెట్లలో రేగు, నేరేడు, కరక్కాయ, తాని, చిరుమాను, చెన్నంగి ఆకులను కూడా తింటుంది. ఊళ్లలో నీడ కోసం పెంచే బాదం చెట్టు మద్ది కుటుంబంలోదే కనుక దాని మీదా అప్పుడప్పుడు పురుగు కనిపిస్తుంది. తిరుపతిలో బడి ఆవరణల్లో బాదం చెట్లకు కొదవ లేదు, పిల్లలు తలెత్తి చూడడమే ఆలస్యం.

శేషాచలం ఎర్రచందనానికి పేరు పొందింది కాబట్టి మనం తక్కిన చెట్లను లెక్కలోకి తీసుకోము. ఎర్రచందనంతో ఈ పురుగుకు పని లేదు. దానికి కావలసింది ఆ చందనం పక్కన నిలబడి ఉండే మద్ది, చిరుమాను, కరక్కాయ. ఈ కొండల్లోనే ప్రత్యేకంగా పెరిగే తెల్లకరక్కాయ కూడా మద్దికి దగ్గరి చుట్టమే. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. అందులోని శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు 1989 నాటిది, 353 చదరపు కిలోమీటర్లు. పలమనేరు, కుప్పం వైపున్న కౌండిన్య అభయారణ్యం ఏనుగుల కోసం ఏర్పడింది. ఏనుగు కోసం కాపాడిన అడవిలో చిలుకకు కూడా చోటు దొరికింది.

ఏ నెలల్లో చూడవచ్చు?

వానను పట్టుకుని చెప్పాలి, క్యాలెండరును పట్టుకుని కాదు. మార్చి నుంచి మే వరకు చెట్లు ఆకు రాల్చి నిలబడి ఉంటాయి. అప్పుడు చిలుక బయటికి వచ్చి గుడ్లు పెట్టినా పుట్టిన పురుగుకు తిండి ఉండదు. అందుకే ఎండాకాలమంతా అది గూటిలో ప్యూపాగా (పురుగుకూ చిలుకకూ నడుమ ఉండే కదలని దశ) నిద్రపోతుంది. గాలిలో తేమ పెరిగి, వేడి తగ్గి, నైరుతి వానలు మొదలయ్యాక మేల్కొంటుంది. చల్లటి ఎత్తైన చోట్ల ఏడాదికి ఒక తరంతోనే సరిపెట్టుకుంటుంది, వెచ్చటి పల్లపు ప్రాంతాల్లో రెండు, మూడు తరాలు నడుస్తాయి. మధ్య భారతంలో దసలి రైతులకు జూలై, ఆగస్టుల్లో తొలి పంట, సెప్టెంబరు తరువాత రెండో పంట.

మన జిల్లాల ప్రత్యేకత ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలతో కొండల్లో ఆకు మరికొంత కాలం పచ్చగా నిలుస్తుంది. కాబట్టి ఇక్కడ పురుగుల కోసం నవంబరు నెలాఖరులో వెతికినా అది వృథా శ్రమ కాదు.

గుడ్డు నుంచి చిలుక దాకా ఎన్ని రోజులు పడుతుంది?

జతకట్టిన తరువాతి రాత్రి నుంచి ఆడ చిలుక గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. మొత్తం 150 నుంచి 250 దాకా. మొదటి మూడు రాత్రుల్లోనే చాలావరకు పెట్టేస్తుంది. గుడ్డు చదునైన అండాకారంలో, సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది, నడుము చుట్టూ గోధుమ రంగు గీత. ఎనిమిది నుంచి పది రోజుల్లో పొదుగుతుంది. పురుగు బయటపడగానే చేసే మొదటి పని తన గుడ్డు పెంకులో కొంత తినేయడం.

అప్పుడు అది సెంటీమీటరు కూడా ఉండదు. పసుపు గోధుమ రంగు ఒళ్లు, నల్లటి తల. మొదటిసారి చర్మం విడిచాక ఆకుపచ్చగా మారుతుంది. మల్బరీ పెంచే మన పలమనేరు రైతులు జ్వరం అనే ఈ చర్మం విడిచే విరామాలు దసలి పురుగుకూ నాలుగే, దశలు ఐదు. చివరి దశకు పొడవు 12, 13 సెంటీమీటర్లు. ఒంటి మీద చిన్న బొడిపెలు, వాటిపై కొద్దిపాటి వెంట్రుకలు, పక్కల వెండిలా మెరిసే మచ్చలు. అప్పుడప్పుడు పసుపు, నీలి ఛాయల పురుగులు కూడా పుడతాయి. జీవితకాలపు తిండిలో అత్యధిక భాగం ఈ ఐదో దశలోనే తింటుంది. చెట్టు కింద నేల మీద మిరియపు గింజలంత లెద్దెలు కనిపించాయంటే పైన కొమ్మలో పురుగు ఉన్నట్టే.

వానాకాలంలో పురుగు దశ 30 నుంచి 40 రోజులు, చలి పెరిగితే ఇంకా సాగుతుంది. ఆపై గూడు కట్టుకుంటుంది. వెంటనే తరువాతి తరం రావలసిన కాలమైతే కొద్ది వారాల్లో చిలుక వస్తుంది. ఏడాది చివరి తరమైతే ఆరు నెలలో, ఇంకా పైనో గూటిలోనే ఉండిపోతుంది. అందుకే మొత్తం ఎన్ని రోజులు అన్న ప్రశ్నకు ఒక్క అంకె చెప్పడం కుదరదు.

గూడును ఎలా గుర్తుపట్టాలి?

ఆకు రాలిన కొమ్మకు వేలాడుతున్న కోడిగుడ్డును ఊహించుకోండి, కాస్త చిన్న సైజుది. రంగు బూడిద లేదా పసుపు. దానికి పైన గట్టి కాడ ఉంటుంది, ఆ కాడ కొస కొమ్మ చుట్టూ ఉంగరంలా బిగిసి ఉంటుంది. ఈ కాడ, ఉంగరం రెండూ కూడా పట్టే. పురుగు గూడు అల్లడానికి ముందు రెండు మూడు ఆకులను దగ్గరకు లాగి కట్టుకుని, ఉంగరం చుట్టి, కాడ పేని, ఆ తరువాతే లోపల కూర్చుని అల్లకం మొదలుపెడుతుంది. ఆకులు రాలిపోయినా గూడు పడిపోకపోవడానికి కారణం ఇదే. ఈ పనివాడితనం చూశాక మగ్గం మీద పనిచేసేవారికి కూడా ముచ్చట వేస్తుంది.

గోటితో నొక్కితే గూడు లొంగదు. అల్లకం చివర్లో పురుగు లోపలి నుంచి ఒక ద్రవాన్ని వదులుతుంది, అందులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దారాల మధ్య చేరి గోడను బిగిస్తాయి. ఎండాకాలపు వడగాలి, పక్షి ముక్కు, చీమ దవడ, వీటన్నింటికీ అదే అడ్డు.

అంత గట్టి గూటిలో నుంచి చిలుక ఎలా బయటికి వస్తుంది? కొరుకుతుందా?

కొరకడానికి దానికి నోరే సరిగ్గా లేదు. కోకూనేజ్ అనే ఎంజైమును వదిలి కాడ వైపు కొసను తడిపి మెత్తబరుస్తుంది. దారాలను అంటిపెట్టి ఉంచే జిగురు కరిగాక వాటిని పక్కలకు తోసుకుంటూ సాయంత్రం చీకటి పడే వేళకో, రాత్రికో బయటపడుతుంది. రెక్కలు అప్పటికి నలిగి తడిగా ఉంటాయి. కొమ్మకు వేలాడి వాటిలోకి ద్రవం ఎక్కించి సాగదీసుకుంటుంది. ఈ సమయంలో పట్టుకుంటే రెక్కలు వంకరగానే ఎండిపోతాయి, ఇక జన్మలో ఎగరలేదు. ముడుచుకున్న రెక్కలతో కనిపించినదాన్ని పాపం అని చేతిలోకి తీసుకోకండి.

చిలుక ఏం తింటుంది? తేనె, పండ్ల రసం పెడితే తాగుతుందా?

ఏమీ తినదు, నీళ్లు కూడా తాగదు. పురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టిన కొవ్వే దాని పెట్టుబడి. వారం, మహా అయితే పది పన్నెండు రోజులు. మూత నిండా తేనె పోసి పక్కన పెట్టడం మంచి మనసే కానీ దానికి ఉపయోగం లేదు, మీ ఇంటికి చీమలు మాత్రం వస్తాయి.

మరి ఆ కొద్ది రోజుల్లో జంటను ఎలా వెతుక్కుంటుంది?

వాసనతో. ఆడ చిలుక బరువైనది, గూడు విడిచిన చోటికి దగ్గర్లోనే వేలాడుతూ పొట్ట కొస నుంచి ఒక రసాయనాన్ని గాలిలోకి వదులుతుంది. మగదాని గుబురు మీసాలు చూసే ఉంటారు, ఆడదాని మీసాలు వాటితో పోలిస్తే సన్నం. ఆ గుబురంతా వాసనను పట్టే ఉపకరణమే. గాలికి ఎదురు ఎగురుతూ, వాసన తప్పినప్పుడు అటూ ఇటూ వెతుకుతూ మగది వచ్చి చేరుతుంది. జతకట్టడం సాధారణంగా అర్ధరాత్రి దాటాక జరుగుతుంది, గంటల తరబడి విడిపోవు.

దీపాల దగ్గర ఎగురుతూ దొరికేవి ఎక్కువగా మగవి ఎందుకన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. తిరిగేది అదే.

దీపం అంటే అంత మోజెందుకు?

మోజు కాకపోవచ్చు. చందమామ అనుకుని వస్తాయన్న మాట చాలాకాలం చెలామణి అయింది. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం హైస్పీడ్ కెమెరాలతో వేరే సంగతి చూపింది. ఎగిరే కీటకాలు తమ వీపును వెలుతురు వైపు తిప్పుకుంటాయి. అడవిలో రాత్రి వేళ నేల కన్నా ఆకాశమే కాస్త వెలుగ్గా ఉంటుంది కాబట్టి అలా తిప్పుకుంటే ఎగిరే తీరు నిటారుగా నిలుస్తుంది. దీపం పక్కన ఉన్నప్పుడు అదే అలవాటు ఉచ్చు అవుతుంది. వీపును దానివైపు తిప్పుకుంటూ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, తప్పించుకోలేదు.

మామూలు కీటకానికి ఒక రాత్రి పోతే పోయింది. పది రాత్రులు మాత్రమే ఉన్న, మళ్లీ తిండి తినని చిలుకకు ఒక రాత్రి పెద్ద ఖర్చు. కొండను ఆనుకుని ఇళ్లు కట్టుకున్నవారు వానాకాలంలో వరండా దీపాన్ని పడుకునే ముందు ఆర్పితే చాలు. ఆర్పలేని చోట తెల్లటి ఎల్‌ఈడీకి బదులు పసుపు రంగు బల్బు, కాంతి కిందికి మాత్రమే పడే మూత పెట్టండి. కరెంటు బిల్లు కూడా కొంత తగ్గుతుంది.

పొద్దున చూస్తే ఇంకా గోడ మీదే ఉంది. ఏం చేయాలి?

పగలు అది కదలదు. కాకులు, బల్లులు, పిల్లులు చూడకముందే ఒక అట్టముక్కను దాని కాళ్ల కిందికి నెమ్మదిగా జరపండి, తానే ఎక్కుతుంది. నీడ ఉన్న గుబురు చెట్టు కొమ్మ మీదికి మార్చండి. రెక్కలు పట్టుకుని ఎత్తకండి. చేతికి అంటుకునే పొడి దాని పొలుసులే.

విషమా? ముట్టుకుంటే దురద, కళ్లకు ప్రమాదం అంటారు.

చిలుక కుట్టదు, కరవదు, విషం లేదు. పొలుసుల పొడి కంట్లో పడితే ఏ దుమ్ము పడినా ఉండే మంటే ఉంటుంది, నీళ్లతో కడుక్కుంటే సరి. దీని పురుగుకు దురద పుట్టించే ముళ్లు లేవు. మనకు దద్దుర్లు తెప్పించేవి వేరే జాతుల గొంగళి పురుగులు, ఒళ్లంతా దట్టమైన వెంట్రుకలతో ఉంటాయి. పిల్లలకు తేడా చెప్పడం కష్టం కాబట్టి ఏ పురుగునూ చేత్తో ముట్టవద్దని చెప్పడమే తేలిక. పైగా దసలి పురుగు కొమ్మను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, బలవంతంగా లాగితే కాళ్లు తెగి చస్తుంది కానీ వదలదు.

ఇంట్లోకి వస్తే అపశకునమా? మా అత్తగారు శాంతి చేయించాలంటున్నారు.

కాదు. దీపం ఆర్పండి చాలు. అత్తగారికి మాత్రం ఇది పట్టు ఇచ్చే చిలుక అని చెప్పి చూడండి. మడిబట్టకు పట్టు కావాలనే ఇళ్లలో ఆ మాటకు విలువ ఉంటుంది.

మా ఊళ్లో పెంచే పట్టుపురుగు, ఇదీ ఒకటేనా?

కాదు. పలమనేరు, కుప్పం, వి.కోట వైపు షెడ్లలో పెంచేది మల్బరీ పట్టుపురుగు, బాంబిక్స్ మోరి. అది వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి అడవిని పూర్తిగా మరిచిపోయింది. దాని చిలుక తెల్లగా, చిన్నగా ఉంటుంది, ఎగరలేదు. పురుగును మల్బరీ తోటలో వదిలేస్తే తన తిండి తాను వెతుక్కోలేదు. దసలి పురుగును షెడ్డులో పెట్టి ఆకు కోసి వేస్తే సరిగ్గా పెరగదు. దాన్ని పెంచే రైతులు కూడా అడవిలో మద్దిచెట్ల మీదే వదిలి, పగలంతా ఒడిసెలతో పక్షులను తోలుతూ కాపలా కాస్తారు. కొమ్మ మీద ఆకు అయిపోతే పురుగులను కొమ్మతో సహా కోసి పక్క చెట్టుకు మారుస్తారు. పంట చేతికొచ్చే వరకూ రైతు కూడా అడవిలోనే ఉంటాడు.

దారంలోనూ తేడా ఉంది. మల్బరీ దారం తెల్లగా, నునుపుగా ఉంటుంది. దసలి దారం తేనె రంగు, కాస్త గరుకు, ఎక్కువ మందం. రంగులు పట్టడంలో కూడా మొండిది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని లీక్ పట్టణానికి చెందిన థామస్ వార్డిల్ ఈ దారానికి రంగులు అద్దే పద్ధతుల మీద ఏళ్ల తరబడి పనిచేసి 1878 పారిస్ ప్రదర్శనలో చూపించాకే ఐరోపా మార్కెట్టు దాన్ని పట్టించుకుంది. అంతకు చాలా ముందే ఈ పురుగు జీవిత చరిత్రను వివరంగా రాసినవాడు విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వెళ్లకముందు మన సామర్లకోటలోనే ఏళ్లపాటు మొక్కలను పరిశీలించిన వైద్యుడాయన.

మా మామిడి తోటకు నష్టం చేస్తుందా?

చేయదు. మామిడి ఆకు దీని తిండి కాదు. మామిడి కొమ్మల మీద వెంట్రుకల పురుగులు గుంపుగా చేరి ఆకు మొత్తం తినేసి, బంగారు రంగు వల లాంటి గూళ్లు ఒకదానికొకటి అంటించి కట్టి ఉంటే, అది ఇదే కుటుంబంలోని క్రిక్యులా అనే చిన్న చిలుక పని. జీడిమామిడిని కూడా వదలదు. దసలి పురుగు గుంపుగా ఉండదు, పెరిగిన కొద్దీ విడివిడిగా చెల్లాచెదురవుతుంది. దీన్ని చూసి తోటకు మందు కొట్టవలసిన అవసరం లేదు.

రెండు వందల గుడ్లు పెడితే మరి అన్నీ ఏమవుతున్నాయి? ఎందుకు ఇంత అరుదుగా కనిపిస్తోంది?

ఎక్కువ భాగం ఎవరికో ఆహారమవుతాయి. చిన్న పురుగును చీమలు, కందిరీగలు, గొల్లభామలు ఎత్తుకుపోతాయి. కాంథెకోనా అనే నల్లి సూది లాంటి ముక్కును గుచ్చి పురుగు ఒంట్లో రసమంతా పీల్చేస్తుంది, ఖాళీ తోలు కొమ్మకు వేలాడుతుంది. పెద్ద పురుగును కాకి, ఉడుత చూస్తే అంతే. మల్బరీ రైతులకు నిద్ర లేకుండా చేసే ఊజీ ఈగకు అడవిలో ఒక బంధువు ఉంది, అది దసలి పురుగు ఒంటి మీద గుడ్లు పెడుతుంది, పిల్ల లోపలికి దూరి తింటూ పెరుగుతుంది. పురుగు గూడు కడుతుంది, కానీ ఆ గూటిలో నుంచి చిలుక రాదు. క్సాంథోపింప్లా అనే పసుపు రంగు కందిరీగ ఇంకా తెలివైనది. గూటి గోడ గట్టిపడకముందే తన పొడవాటి సూదిని గుచ్చి లోపల గుడ్డు పెట్టేస్తుంది. వీటికి తోడు వైరస్ జబ్బులు, పెబ్రిన్ అనే అంటురోగం. పెబ్రిన్ తల్లి నుంచి గుడ్డుకు సంక్రమిస్తుంది. 1865లో లూయీ పాశ్చర్ ఫ్రాన్సులో మల్బరీ పురుగుల మీద పరిశోధన మొదలుపెట్టి, తల్లి చిలుకను సూక్ష్మదర్శినిలో చూసి గుడ్లను ఏరే పద్ధతిని నిలబెట్టాడు. రైతులకు గుడ్లు ఇచ్చే విత్తన కేంద్రాల్లో నేటికీ అదే పద్ధతి.

రెక్కలొచ్చాక గబ్బిలాల వంతు. ఈ కుటుంబపు చిలుకలకు చెవులు లేవు, గబ్బిలం అరుపు వినిపించదు. వినలేని ప్రాణి దాక్కోవడం నేర్చింది. చైనాలో పెంచే దసలి జాతి మీద 2020లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన కొలతల్లో, ఛాతీ మీది నూగు తన మీద పడిన ధ్వనిలో 85 శాతం దాకా పీల్చుకోగలదని తేలింది. అరుపు తిరిగి వెళ్లకపోతే గబ్బిలానికి ఎదుట ఏమీ లేనట్టే.

ఇవన్నీ అడవిలో ఎప్పటి నుంచో ఉన్నవే, వాటివల్ల జాతి అంతరించదు. కొత్తగా చేరిన కష్టాలు మనవి. ఎండాకాలంలో కొండలకు నిప్పు అంటుకునే నాటికి గూళ్లు ఆకు రాలిన కొమ్మలకు వేలాడుతూ ఉంటాయి. లోపలి ప్యూపాకు పారిపోయే కాళ్లూ లేవు, రెక్కలూ లేవు. వంటచెరకు కోసం, మేత కోసం మద్ది, చిరుమాను కొమ్మలు నరికితే గూళ్లు వాటితోపాటే పోతాయి. నా మట్టుకు నాకు, ఈ ప్రాంతంలో చిలుకకు అన్నింటికన్నా పెద్ద శత్రువు మార్చి నెలలో ఎవరో ఆర్పకుండా పారేసిన బీడీ ముక్కే.

దసలి చీర కొంటే చిలుకను చంపినట్టేనా?

సాధారణంగా అవును. దారం తెగకుండా తీయాలంటే గూటికి రంధ్రం పడకూడదు, అంటే చిలుక రాకముందే ప్యూపాను ఆవిరితోనో ఎండతోనో చంపుతారు. ఆ తరువాత గూళ్లను ఉడికించి దారం తీస్తారు. విత్తనం కోసం చిలుకలను వదిలిన గూళ్లు కూడా మిగులుతాయి, వాటిని పత్తి వడికినట్టు వడికి ముతక దారం చేస్తారు. అహింసా పట్టు పేరుతో అమ్మేది ఇలాంటి దారంతో నేసినదైతే ఆ మాట నిజం. మెరుస్తూ జారిపోయే నున్నటి చీరను అదే పేరుతో అమ్మితే దుకాణదారును నాలుగు ప్రశ్నలు అడగండి.

ఇక్కడ కూడా పెంచి ఆదాయం పొందవచ్చా?

సొంత భూమిలో మద్ది తోట వేసుకుంటే ఆలోచించవచ్చు, కానీ ఒంటరిగా కాదు. రోగం లేని విత్తనం, గూళ్లు కొనే మార్కెట్టు, దారం తీసేవారు దగ్గర్లో ఉండాలి. దసలి పరిశోధనకు కేంద్ర సంస్థ రాంచీలో ఉంది, 1964 నాటిది. మన దేశపు దసలి పట్టులో సింహభాగం జార్ఖండ్‌దే. మన జిల్లాలకు అలవాటైన దారి మల్బరీ, దానికి మార్కెట్టు ఉంది. కొత్తదని ఉత్సాహపడి పెట్టుబడి పెట్టేముందు పట్టు పరిశ్రమ శాఖ అధికారులతో మాట్లాడండి.

తలకోన వెళ్లినప్పుడు కొమ్మకు గూడు కనిపించింది. తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోకూడదు. తలకోన జాతీయ పార్కులో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కు లోపలి నుంచి ఏ ప్రాణినీ అనుమతి లేకుండా తేవడం నేరం. అభయారణ్యాలకూ ఇదే వర్తిస్తుంది. ఖాళీ గూడే కదా అన్న వాదన చెక్‌పోస్టు దగ్గర పనిచేయదు.

మీ పెరట్లోని బాదం చెట్టు మీదో, రేగు చెట్టు మీదో గూడు ఉంటే అది వేరే సంగతి. అలాగే ఉంచండి. కొమ్మ విరిగి కింద పడి ఉంటే అదే చెట్టుకు నీడ పట్టున కాడతో కట్టండి. గాజు సీసాలో పెట్టి బీరువా పైన పెడితే తేమ లేక లోపలే ఎండిపోతుంది. తేమ ఉండి చిలుక వచ్చినా, రెక్కలు విప్పడానికి వేలాడే చోటు ఉండదు.

ఫోటో తీసి పంపితే ఖచ్చితంగా ఏ జాతో చెప్పగలరా?

చాలావరకు చెప్పవచ్చు, ఫోటో పద్ధతిగా ఉంటే. పై నుంచి రెక్కలన్నీ కనిపించేలా ఒకటి, పక్క నుంచి మీసాలు కనిపించేలా ఒకటి తీయండి. పక్కన ఒక అగ్గిపెట్టె పెడితే పరిమాణం తెలుస్తుంది. ఫ్లాష్ వద్దు, టార్చి వెలుతురు చాలు. తేదీ, ఊరు, ఏ దీపం దగ్గర, వాన పడిన రోజా కాదా రాసి పెట్టండి. పురుగో గూడో అయితే ఏ చెట్టు మీద ఉందో తప్పకుండా రాయండి, ఆకు ఫోటో కూడా తీయండి. చెట్టు పేరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో ఈ వివరాలతో పెడితే నిపుణులు సరిచూస్తారు, మన కొండల పేరు కూడా ఈ జాతి పటంలో నమోదవుతుంది.

ఫోటోల కోసం రాత్రిపూట అడవిలోకి మాత్రం వెళ్లకండి. అనుమతీ ఉండదు, చిరుతలూ ఉంటాయి. ఊరి చివరి దీపస్తంభం కింద దొరికేది చాలు.